గ్రీవెన్స్ వేశావా? — లాయర్ లేకుండా ఖైదీలు వేసే దావాల గురించి

(ఆదివారం మీటింగ్‌కి రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు తీసేశాను, మిగతాదంతా మేడమ్ మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ ఒకటి ఆపితే ఇంకా బాగా వినిపిస్తుంది, కానీ ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే మీరు నన్ను తిట్టుకుంటారు, నేనే గట్టిగా మాట్లాడతాలెండి.

నన్ను పిలిచినప్పుడు అమెరికా న్యాయవ్యవస్థ గురించి మాట్లాడండి అన్నారు. అంత పెద్ద టాపిక్ నాకు రాదండి. నాకు తెలిసింది ఒక టేబులు. అక్కడ దక్షిణాదిలో ఒక రాష్ట్రం, ఏ రాష్ట్రమో చెప్పను, అక్కడి ఫెడరల్ కోర్టులో, అంటే రాష్ట్రానిది కాదు, కేంద్రం కోర్టులో, ఒక టేబుల్ ముందు 1999 నుంచి 2017 దాకా కూర్చున్నాను. నా ఉద్యోగం పేరు ప్రో సే లా క్లర్కు. ప్రో సే అంటే లాటిన్ మాట, తన తరఫున తానే అని అర్థం. లాయర్ని పెట్టుకోకుండా సొంతంగా దావా వేసేవాళ్ళని అలా అంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరనుకున్నారు? జైల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు రాసిన కాగితాలు చదవడం, ఇందులో కేసుందా లేదా అని చూసి జడ్జి గారికి డ్రాఫ్టు రాసివ్వడం, అదీ నా పని. సంతకం జడ్జి గారిది, రాత నాది.

మా నాన్నగారు తెనాలిలో ప్లీడరు గుమాస్తా. ఇంట్లో దావా, వాయిదా, డిక్రీ, ఈ మాటలు వింటూ పెరిగాను కాబట్టి కోర్టు కాగితం అంటే ఎలా ఉంటుందో నాకొక ఊహ ఉండేది. మార్జిన్ వదిలి, టైప్ కొట్టి, స్టాంపు అంటించి. మొదటి రోజు నా టేబుల్ మీద పెట్టిన కవర్లు చూసి, ఇవి కోర్టు కాగితాలా అనుకున్నాను. పసుప్పచ్చ రూళ్ళ కాగితం, పెన్సిల్ రాత, రెండు వైపులా, మార్జిన్లో కూడా రాత. కొందరైతే క్యాంటీన్ ఆర్డర్ స్లిప్పుల వెనకాల రాసేవాళ్ళు. కాగితం అయిపోతే ఏం చేస్తారు మరి?

నేరాల కేసుల గురించి కాదండి నేను చెప్పేది. అది ముందే చెప్పాలి, లేకపోతే కలిసిపోతాయి. నాకు శిక్ష తప్పు పడింది, నన్ను వదలండి అనేది వేరే దారి, దాన్ని హేబియస్ అంటారు. ఇది అది కాదు. శిక్ష పడింది, లోపల ఉన్నాను, సరే, కానీ లోపల నన్ను కొట్టారు, మందివ్వలేదు, ప్రార్థన చేసుకోనివ్వలేదు, వాళ్ళ మీద దావా వేస్తున్నాను అనేది. సివిల్ దావా. వాది ఖైదీ, ప్రతివాది వార్డరు.

మాస్టారు ఏదో అడుగుతున్నారు... ఆ, కోర్టే లాయర్ని ఇవ్వదా అని. మంచి ప్రశ్న. ఫ్లోరిడా జైల్లోంచి గిడియన్ అనే ఆయన పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాస్తే, 1963లో, డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలని తీర్పొచ్చింది. చాలామందికి ఆ కథ తెలుసు. కానీ అది క్రిమినల్ కేసులో, నీ మీద వాళ్ళు కేసు పెట్టినప్పుడు. వాళ్ళ మీద నువ్వు కేసు పెడితే లాయర్ లేడు. కోర్టు ఎవరైనా లాయర్ని రిక్వెస్ట్ చెయ్యొచ్చు, అంతే, చెయ్యమని బలవంతపెట్టడానికి లేదు, 1989లో సుప్రీంకోర్టే ఆ మాట తేల్చింది. అందుకే ఈ దావాల్లో నూటికి తొంభైకి పైగా లాయర్ లేకుండా వచ్చేవే.

అసలు ఈ దావా ఏ చట్టం కింద వేస్తారంటే, సెక్షన్ 1983 అంటారు. సంవత్సరం కాదండి, సెక్షన్ నంబరు. చట్టం పుట్టింది 1871లో. అంతర్యుద్ధం అయిపోయాక నల్లవాళ్ళని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ళ ముఠాలు చంపుతుంటే, ఊరి షెరీఫులే వాళ్ళతో కుమ్మక్కయితే, రాష్ట్ర అధికారి ఎవడైనా నీ రాజ్యాంగ హక్కు తొక్కేస్తే ఫెడరల్ కోర్టుకి రా అని కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, చేసిన చట్టం. సరిగ్గా అదే 1871లో వర్జీనియా రాష్ట్ర కోర్టు ఒక తీర్పులో ఏం రాసిందో తెలుసా? శిక్ష పడిన ఖైదీ శిక్షాకాలంలో రాజ్యానికి బానిస అని. బానిస అన్న మాటే రాసింది. అప్పటికి బానిసత్వం రద్దయి ఆరేళ్ళు. ఒకే ఏడాది, ఒక చేత్తో తాళంచెవి ఇచ్చారు, ఇంకో చేత్తో ఈ తలుపు నీది కాదన్నారు. ఆ తాళంచెవి తొంభై ఏళ్ళు దాదాపు ఎవరూ వాడలేదు. 1961లో షికాగో పోలీసుల మీద వచ్చిన ఒక కేసుతో మళ్ళీ బయటికొచ్చింది.

జైలు గోడ దాటి లోపలికి ఎప్పుడెళ్ళింది అంటే 1964. ఇల్లినాయ్ రాష్ట్రం, స్టేట్‌విల్ జైలు, కూపర్ అనే ఖైదీ. నల్లజాతి ముస్లిం. ఖురాన్ తెప్పించుకుంటానన్నాడు, ఇవ్వలేదు. తనే రాసుకున్నాడు కాగితం. కింది కోర్టు కొట్టేసింది, పై కోర్టూ కొట్టేసింది. సుప్రీంకోర్టు చిన్న ఉత్తర్వు, నిజంగా చాలా చిన్నది, అతను చెప్పింది నిజమైతే కేసు ఉంది, వినండి అంది. అంతే. దాంతో ఖైదీ కూడా 1983 కింద రావచ్చని తేలింది.

తర్వాత ఇంకో సమస్య. రాయడం రానివాళ్ళ సంగతేంటి? జైళ్ళలో చదువులేనివాళ్ళు ఎక్కువ కదా. మన రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ ఉంటాడు చూడండి, అలాగే ప్రతి జైల్లో ఒకడుంటాడు, లా పుస్తకాలు చదివి తోటివాళ్ళకి అర్జీలు రాసిపెట్టేవాడు. వాళ్ళని అక్కడ రిట్ రైటర్ అంటారు, జైలు లాయరు అనీ అంటారు. టెన్నెసీలో జాన్సన్ అనే అతను ఇలా రాసిపెడుతున్నాడని ప్రత్యేక సెల్లో వేశారు. 1969లో సుప్రీంకోర్టు ఏమందంటే, వాళ్ళకి సాయం చెయ్యడానికి మీరు ఇంకో ఏర్పాటు చెయ్యకపోతే, ఇతన్ని ఆపడానికి వీల్లేదంది. నాకు ఈ తీర్పంటే ఇష్టం. న్యాయం గొప్పది, హక్కు గొప్పది అని ఉపన్యాసం లేదు అందులో, మీరు పెట్టండి లేదా అతన్ని రాయనివ్వండి అనే లెక్క.

నా టేబులుకి బైబిల్ లాంటి తీర్పు మాత్రం 1972ది. ఇదీ ఇల్లినాయే. హెయిన్స్ అనే ఖైదీ. ఈయన అమాయకుడేం కాదు సుమా, తోటి ఖైదీని పారతో తల మీద కొట్టాడు. అందుకని ఒంటరి గదిలో వేశారు. నేల మీద దుప్పట్లేసుకుని పడుకోవాల్సొచ్చింది, అంతకుముందే దెబ్బతిన్న కాలు ఇంకా పాడైందని దావా వేశాడు, రాష్ట్ర గవర్నర్‌తో సహా అందరి మీదా. కింద కొట్టేశారు. సుప్రీంకోర్టు అంది, లాయర్ రాసిన దావాకి పెట్టే కొలబద్ద ఇలాంటి కాగితానికి పెట్టకండి, కొంచెం ఉదారంగా చదవండి అని. నేను పద్దెనిమిదేళ్ళు రాసిన ప్రతి డ్రాఫ్టులోనూ మొదటి పేజీలో ఈ కేసు పేరు ఉంటుంది. ప్రతి దాంట్లోనూ. కొట్టేసేవాటిలో కూడా. ఆ, నవ్వుతున్నారు, అర్థమైంది మీకు.

ఇక టెక్సస్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే రెండు కేసులు, రెండూ చేత్తో రాసినవి, రెండింట్లోనూ ప్రతివాది ఒకడే, ఎస్టెల్ అని, టెక్సస్ జైళ్ళ డైరెక్టరు.

మొదటిది గ్యాంబుల్‌ది. 1973 నవంబర్ 9, జైలు పనిలో భాగంగా లారీలోంచి పత్తి బేళ్ళు దించుతున్నాడు. ఒక బేలు మీద పడింది. గుంటూరువాళ్ళకి పత్తి బేలు అంటే నేను చెప్పక్కర్లేదు. నడుం పట్టేసింది. మూడు నెలల్లో పదిహేడు సార్లు డాక్టర్లకో కాంపౌండర్లకో చూపించుకున్నాడు. మాత్రలిచ్చారు, రెండంతస్తుల మంచంలో కిందిది ఇవ్వమన్నారు, తర్వాత పనికి పో అన్నారు. నొప్పి, పోలేనన్నాడు. పనికి రాలేదని శిక్ష వేశారు. 1974 ఫిబ్రవరిలో చేత్తో రాసి దావా పంపాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1976లో తీర్పొచ్చింది. ఖైదీకి తీవ్రమైన జబ్బుంటే, తెలిసి తెలిసి పట్టించుకోకపోవడం క్రూరమైన శిక్షే, రాజ్యాంగం ఒప్పుకోదు. ఈ రోజుకీ అమెరికా జైల్లో డాక్టరు ఉన్నాడంటే, ఇన్సులిన్ ఇస్తున్నారంటే, దాని వెనక ఆ కాగితం ఉంది.

మరి గ్యాంబుల్‌కి ఏమొచ్చింది? చెప్పండి, ఎవరైనా? ఏమీ రాలేదు. ఓడిపోయాడు! సూత్రం అతని కేసులో పెట్టారు, కానీ నీకు పదిహేడు సార్లు చూశారు కదా, ఎక్స్‌రే తియ్యకపోవడం డాక్టరు పొరపాటైతే అవ్వొచ్చు గానీ రాజ్యాంగం దాకా రాదు అన్నారు. అతను కట్టిన సత్రంలో అతనికే చోటు దొరకలేదు.

ఇది ఒక్కసారి జరిగింది కాదండి. మన దగ్గరా ఉంది. విశాఖపట్నం సెంట్రల్ జైల్లో నక్సలైట్ ఖైదీలు, జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారు, చుట్టూ సాయుధ పోలీసులని పెట్టారు అని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1974 తీర్పు. వాళ్ళకి ఊరట దొరకలేదు. కానీ శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవు అని కోర్టు రాసింది, ఇప్పటికీ ఆ ముక్క ఎత్తి చూపించి వేరేవాళ్ళు కేసులు గెలుస్తున్నారు.

రెండో టెక్సస్ కేసు రుయీజ్‌ది. డేవిడ్ రుయీజ్, 1972లో చేత్తో రాసి వేశాడు. టెక్సస్ జైళ్ళలో అప్పుడు బిల్డింగ్ టెండర్లు అనేవాళ్ళు ఉండేవాళ్ళు. ఖైదీలే, కానీ జైలువాళ్ళు వాళ్ళకి పెత్తనమిచ్చి మిగతా ఖైదీలని అదుపులో పెట్టించేవాళ్ళు. కర్రలు, కత్తులు వాళ్ళ దగ్గర. ఊళ్ళో దొరగారి మనుషులు అంటారు చూడండి, అలాగ. ఇరుకు, కొట్టుడు, వైద్యం లేకపోవడం, ఇవన్నీ రాశాడు. ఆ జడ్జి గారి పేరు, వింటే నమ్మరు, జస్టిస్. విలియం వేన్ జస్టిస్, ఇంటిపేరే అది. ఆయన రుయీజ్ కాగితాన్ని, ఇంకొందరు ఖైదీల కాగితాలని కలిపి ఒకే కేసు చేసి, మంచి లాయర్ని చూసి పెట్టాడు. విచారణ 159 రోజులు నడిచింది. 349 మంది సాక్షులు. 1980లో తీర్పు, మొత్తం రాష్ట్రం జైళ్ళే రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నాయని. ఆ తర్వాత కోర్టు పర్యవేక్షణ ఇరవై ఏళ్ళు దాటి నడిచింది. ఒక్క మనిషి చేతిరాతతో మొదలైంది ఇదంతా.

ఇంతవరకూ విని మీకు ఏమనిపిస్తోంది? రాస్తే చాలు, వింటారు అని కదా. 1999లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ ఈ కథలే చెప్పారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ నేను చేరేసరికే తలుపు మారిపోయిందండి.

1996

1970లో దేశం మొత్తం మీద ఇలాంటి ఖైదీల దావాలు ఫెడరల్ కోర్టుల్లో రెండు వేల చిల్లర. 1995కి దాదాపు 39 వేలు. అబ్బో అనిపిస్తుంది. మధ్యలో జైళ్ళలో జనం ఎన్ని రెట్లు పెరిగారో కూడా చూడాలి, కానీ అది ఎవరూ చెప్పరు. పేపర్లలో ఏమొచ్చేదంటే, పీనట్ బటర్ కేసు. ఒక ఖైదీ గరుకు పీనట్ బటర్ ఇచ్చారు, నాకు మెత్తటిది కావాలి అని రాజ్యాంగం కింద దావా వేశాట్ట! నవ్వొస్తుందా లేదా? దేశమంతా నవ్వింది. సెనేట్‌లో కూడా ఇలాంటివే చెప్పుకున్నారు. అప్పుడు న్యూమన్ అని ఒక ఫెడరల్ అప్పీలు జడ్జి, ఆ ఫైలు తెప్పించుకుని చదివాడు. చూస్తే ఏముంది? ఆ మనిషి మెత్తటిది ఆర్డర్ ఇచ్చాడు, గరుకుది వచ్చింది, వెనక్కి ఇచ్చేశాడు, మెత్తటిది వచ్చేలోపు వేరే జైలుకి మార్చేశారు. సీసా రాలేదు, ఖాతాలోంచి రెండున్నర డాలర్లు పోయాయి. నా డబ్బులు నాకివ్వండి అని దావా. రాజ్యాంగం దాకా వెళ్ళాలా అంటే వెళ్ళక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ బయట మనకి అమెజాన్‌లో వస్తువు రాకుండా డబ్బులు పోతే కస్టమర్ కేర్‌కి ఎన్ని సార్లు ఫోన్ చేస్తాం?

నేను నిజం చెప్పాలి మీకు. నా టేబుల్ మీదకి చెత్త కూడా వచ్చేది. ఒకాయన నెలకొకటి వేసేవాడు, ప్రతి దాంట్లో ప్రెసిడెంట్ గారు ప్రతివాది. ఎక్కువ కాగితాల్లో బలం ఉండేది కాదు, బాధ ఉండేది గానీ చట్టం ఉండేది కాదు. గడ్డివాములో సూదులు వెతకడమే మా పని. గడ్డి ఎక్కువైందని వాముకి తాళం వేస్తే సూదులు కూడా లోపలే ఉండిపోతాయి, అదీ నా బాధ.

1996 ఏప్రిల్‌లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టం, ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్. పీఎల్ఆర్ఏ అంటాం. ఏడాది తిరిగేసరికి, 1997లో, దావాలు 26 వేలకి పడిపోయాయి. జైళ్ళలో జనం తగ్గలేదు, ఇంకా పెరుగుతూనే ఉన్నారు అప్పుడు.

ఏం చేసిందా చట్టం? ముందు ఫీజు. మా నాన్నగారి కాలంలో పాపర్ దావా అనేవాళ్ళు, ఇప్పటికీ ఉంది మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, కోర్టు ఫీజు కట్టలేనివాడు ఆ సంగతి రుజువు చేసి ఫీజు లేకుండా దావా వెయ్యొచ్చు. అమెరికాలోనూ బయట ఉన్న పేదవాడికి అంతే, మాఫీ. ఖైదీకి మాత్రం మాఫీ లేదు, వాయిదాలు. ఫైలింగ్ ఫీజు 350 డాలర్లు, జైలు ఖాతాలోంచి నెల ఆదాయంలో ఇరవై శాతం చొప్పున కోస్తూ ఉంటారు, కేసు మొదటి రోజే కొట్టేసినా సరే 350 తీరేదాకా కోస్తూనే ఉంటారు. రెండు కేసులుంటే? నలభై శాతం. 2016లో సుప్రీంకోర్టు అలాగే చదివింది చట్టాన్ని. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల జైల్లో పని చేస్తే జీతమే ఇవ్వరు. అంటే ఆ డబ్బులు ఎక్కడివి? ఇంటి దగ్గర అమ్మ పంపినవి. సబ్బుకి, ఫోన్‌కి పంపినవి.

తర్వాత మూడు స్ట్రైకులు. పస లేదని మూడు దావాలు కొట్టేస్తే నాలుగోసారి వాయిదాల సౌకర్యం కూడా ఉండదు, మొత్తం ముందే కట్టాలి, ప్రాణం మీదికి వచ్చిన ప్రమాదం ఇప్పుడే ఉంటే తప్ప. ఇంకోటి, ఒంటి మీద గాయం చూపించకుండా మనసుకి కలిగిన బాధకి డబ్బులు అడగడానికి లేదు. లైంగిక దాడికి మినహాయింపు ఉంది, అది కూడా తర్వాత 2013లో స్పష్టంగా చేర్చారు.

లాయర్లు ఎందుకు రారు అంటే, దీనికీ ఒక లెక్క ఉంది. గెలిస్తే అవతలివాళ్ళు లాయర్ ఫీజు ఇవ్వాలి, కానీ ఖైదీకి వచ్చిన పరిహారానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఒక కేసులో ఖైదీ గెలిచాడు, హక్కు భంగమైంది నిజమే అని నామమాత్రంగా ఒక డాలరు ఇచ్చారు. 2006లో డెన్వర్‌లోని అప్పీలు కోర్టు అతని లాయర్ ఫీజు ఎంతని తేల్చిందో చెప్పుకోండి. డాలరున్నర. నిజంగానండి, జోకు కాదు. మన దగ్గర ఆ డబ్బుకి వకాల్తా మీద స్టాంపు కూడా రాదనుకుంటా, సుబ్బారావు గారు చెప్పాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలుది ఇంకోటి. నేను ఇందాకట్నుంచి దాని కోసమే వస్తున్నాను.

గ్రీవెన్స్

పీఎల్ఆర్ఏలో ఒక్క వాక్యం ఉంది. జైల్లో ఉన్న ఫిర్యాదు దారి మొత్తం వాడుకున్నాకే కోర్టుకి రావాలి. వినడానికి న్యాయంగానే ఉంది కదా? ముందు ఇంట్లో చెప్పు, తర్వాత ఊళ్ళో చెప్పు. నేనూ అదే అనుకున్నాను.

ఆ దారి ఎలా ఉంటుందంటే, ఒక ఫారం. దాన్ని గ్రీవెన్స్ అంటారు. ఫారం అడగాలి. ఎవరిని? వార్డరుని. ఎవరి మీద ఫిర్యాదు? ఒక్కోసారి ఆ వార్డరు మీదే. రాసి మళ్ళీ వాళ్ళకే ఇవ్వాలి. జవాబు నచ్చకపోతే రెండో మెట్టు, ఇంకో ఫారం, ఇంకో గడువు. కొన్ని చోట్ల మూడో మెట్టు. గడువు ఎంత? మన దగ్గర సివిల్ దావాకి లిమిటేషన్ మూడేళ్ళు అంటాం. అక్కడ కాలిఫోర్నియాలో, సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసులో, పదిహేను పనిదినాలు. ఆ ఖైదీ గడువు దాటాక వేశాడు, లేట్ అని తిప్పికొట్టారు. దారి అయిపోయింది కదా, ఇంక మిగల్లేదు కదా, కోర్టుకి రావచ్చు కదా అన్నాడు. 2006లో సుప్రీంకోర్టు, కాదు, సరిగ్గా, గడువులోపల, వాళ్ళ రూల్స్ ప్రకారం వాడుకుంటేనే వాడుకున్నట్టు అంది. అంటే ఏమైంది? గోడకి అటువైపు వాళ్ళు పెట్టుకున్న గడువు, గోడకి ఇటువైపు రాజ్యాంగ హక్కుకి గడువైపోయింది. అర్థమవుతోందా అండి నేను చెప్పేది? దెబ్బ తిన్నాడా లేదా అన్నది ఎవరూ చూడరు. ఫారం తేదీ చూస్తారు.

కోర్టులకి జైలు సంగతి తెలియదని కాదు. 1988లో ఒక ఖైదీ అప్పీలు నోటీసు గడువుకి మూడు రోజుల ముందు జైలు అధికారి చేతిలో పెట్టాడు, అది కోర్టుకి ఒక రోజు లేట్‌గా చేరింది. హేబియస్ కేసులెండి అది. సుప్రీంకోర్టు అన్నదీ, ఇతను కోర్టు దాకా నడిచి వెళ్ళలేడు, పోస్టాఫీసుకీ వెళ్ళలేడు, జైలువాళ్ళ చేతిలో పెట్టిన రోజే దాఖలైనట్టు. ఎంత ఇంగితం ఉన్న మాట! అదే ఇంగితం గ్రీవెన్స్ దగ్గరికొచ్చేసరికి కనపడలేదు నాకు.

మన దగ్గర వేరేగా జరిగింది. తీహార్‌లో ఉరిశిక్ష పడిన సునీల్ బాత్రా, పక్క ఖైదీని వార్డరు డబ్బుల కోసం చిత్రహింస పెట్టాడని సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. మామూలు ఉత్తరం. దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకున్నారు, కోర్టే లాయర్లని పెట్టి జైలుకి పంపింది, 1979 డిసెంబర్‌లో కృష్ణయ్యర్ గారి తీర్పు. అందులో అమెరికా జైలు కేసులు కూడా బోలెడు ఉంటాయి. ఇక్కడ గ్రీవెన్స్ వేశావా అని అడగలేదు. గొప్ప సంగతే. కానీ దీన్ని చూసి మనది మేలు అని చప్పట్లు కొట్టుకోకండి. ఆ ఉత్తరం ఏ జడ్జి చేతిలో పడుతుందన్నది అదృష్టం. దావా అంటే అదృష్టం కాకూడదు. ఇంకో కేసు చూడండి, అప్పటి మన కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు, 1977 మే. తండ్రీకొడుకులు రిమాండ్‌లో ఉన్నారు, మాకు ప్రాణభయం ఉంది అని ముందే చెప్పుకున్నారు. తెల్లవారుజామున జైల్లో బాంబులేశారు, తండ్రి పోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా. సర్కారు ఏమంది? మాది సార్వభౌమాధికారం, మా మీద దావా పడదు అంది. పడుతుంది అని సుప్రీంకోర్టు చెప్పింది, 2000లో. ఇరవై మూడేళ్ళు. లాయర్లుండి, ఇంటి దగ్గర మనుషులుండి, ఇరవై మూడేళ్ళు.

సరే, నా టేబులు దగ్గరికి వస్తాను. టైమ్ ఎంతయింది? ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

2009లో ఒక దావా వచ్చింది. వివరాలు కొన్ని మార్చి చెప్తాను, మనిషి ఎవరో తెలియకూడదు. పన్ను నొప్పి. ఆరు పేజీలు, పెన్సిలు. ఫలానా తేదీన వాపు, ఫలానా తేదీన చీము, ఫలానా రాత్రి నిద్ర లేదు, డాక్టర్ని అడిగితే లిస్టులో ఉన్నావన్నారు. నాలుగు నెలలు అలా. గ్యాంబుల్ కేసు పేరు స్పెల్లింగ్ తప్పుతో రాశాడు, కానీ రాశాడు, అంటే ఎవరో రిట్ రైటర్ సాయం చేశాడు. నేను చదువుతూ ఇదుగో సూది అనుకున్నాను. తర్వాత వెనక జతచేసిన గ్రీవెన్స్ కాగితాలు చూశాను. మొదటి మెట్టు సరిగ్గా వేశాడు. రెండో మెట్టు మూడు రోజులు లేటు. జైలు తరఫు లాయరు కేసు కొట్టెయ్యమని ఒకటిన్నర పేజీ మోషన్ వేశాడు, మొత్తం ఆ మూడు రోజుల గురించే. పన్ను గురించి ఒక్క ముక్క లేదు, అవసరం లేదు మరి. నేను డ్రాఫ్టు రాశాను. మొదటి పేజీలో హెయిన్స్, ఉదారంగా చదవాలి. మూడో పేజీలో గ్రీవెన్స్ గడువు గురించిన ఆ 2006 తీర్పు. కొట్టివేత. చాలా శుభ్రమైన డ్రాఫ్టు, జడ్జి గారు ఒక్క కామా కూడా మార్చలేదు.

2016లో ఇంకో తీర్పొచ్చింది. ఫిర్యాదు దారి అందుబాటులో ఉంటేనే వాడుకోవాలి. కాగితం మీద ఉండి నిజంగా పనిచెయ్యకపోతే, లేదా ఎవడికీ అర్థం కానంత గందరగోళంగా ఉంటే, లేదా జైలువాళ్ళే బెదిరించో మాయచేసో అడ్డుపడితే, అది అందుబాటులో లేనట్టే. మొన్న 2025 జూన్‌లో మిషిగన్ నుంచి ఇంకొకటి వచ్చింది, నేను రిటైరయ్యాక. ఒక ఖైదీ, ఒక ఉద్యోగి తనని లైంగికంగా వేధించాడని, తను రాసిన గ్రీవెన్స్ ఫారాలు ఆ ఉద్యోగే నాశనం చేశాడని ఆరోపించాడు. ఇతను కూడా మొదట లాయర్ లేకుండా వేసినవాడే. ఫారం వెయ్యలేదు కాబట్టి పో అనాలంటే ముందు, ఫారాలు నాశనం చేశాడా లేదా తేలాలి, అదీ అసలు ఫిర్యాదూ కలిసిపోయి ఉన్నప్పుడు జడ్జి ఒక్కడే తేల్చకూడదు, జ్యూరీ తేల్చాలి అని సుప్రీంకోర్టు. ఐదుగురు అటు, నలుగురు ఇటు.

ఆ తీర్పు ఇంట్లో కూర్చుని చదువుతుంటే నాకు పన్ను కేసు గుర్తొచ్చింది. గుర్తుకు రావడం కాదు, ఎప్పుడూ మర్చిపోలేదు. అందులో నాలుగో పేజీ, కింది నుంచి రెండో లైను. రెండో మెట్టు ఫారం కోసం శుక్రవారం అడిగాను, ఆఫీసరు సోమవారం రా అన్నాడు, సోమవారం అడిగితే ఫారాలు అయిపోయాయన్నాడు, అని ఉంది. చదివాను నేను. ఉదారంగా చదవమని మొదటి పేజీలో నేనే రాసి, ఆ లైను చదివి, పేజీ తిప్పాను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.